కాగితం పనిలో సంతోషం రెండు రోజులకే ఎందుకు ఆవిరైపోతోంది?

పాలకొల్లు వైపు నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇదీ. వయసు నలభై ఏడు. పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ హైదరాబాద్ వెళ్ళిపోయారు. యూట్యూబులో చూసి క్విల్లింగు (కాగితం పట్టీలు చుట్టి బొమ్మలు చేయడం), కొల్లాజ్ (కాగితం ముక్కలు అంటించి బొమ్మ చేయడం), జంక్ జర్నల్ (పాత కాగితాలతో కుట్టే పుస్తకం), మిక్స్‌డ్ మీడియా (రకరకాల సామాను కలిపి చేసే బొమ్మ) అంటూ ఏడాదిగా ఏదో ఒకటి చేస్తున్నారు. సామాన్లు చాలానే కొన్నారు. చేసినవాటి ఫొటోలు కూడా పెట్టారు. చేస్తున్నంతసేపూ బాగుంటుంది. పూర్తయ్యాక రెండు రోజులు అటూ ఇటూ తిప్పి చూసుకుంటారు. ఆ తర్వాత అది అలమరలోకి, ఆవిడ మళ్ళీ వెలితిలోకి. ఇంట్లో ఆయన "చెత్త పోగేస్తున్నావు" అంటున్నారట. "ఇందులో నిజంగా ఆనందం, అర్థం ఉన్నాయా, లేక ఉత్త టైంపాసేనా? డబ్బు కట్టి ఆన్‌లైన్ కోర్సులో చేరితే ఏమైనా మారుతుందా?" అన్నది ప్రశ్న.

ఉన్నాయండి. కానీ ఆ రెండూ ఒకే చోట దొరకవు, మీరు ఒకే చోట వెతుకుతున్నారు. సంతోషం చేతి పనిలో ఉంటుంది, పని ఆగితే అదీ ఆగుతుంది. అర్థం మాత్రం మీరు ఏ కాగితం తీసుకున్నారు, ఎవరి కోసం చేశారు అన్నదాంట్లో ఉంటుంది. ప్యాకెట్టులో కొన్న పూల డిజైను కాగితానికి మీతో ఏ సంబంధమూ లేదు. దాంతో ఎంత అందంగా చేసినా అది అలమరలోకే పోతుంది. అందుకని నా సలహా ముందే చెప్పేస్తాను: కొన్న కాగితాలన్నీ ఆరు నెలల పాటు అటక మీద పెట్టేయండి. మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న కాగితాలతో, పోస్టుకార్డు సైజులో, ఒక మనిషిని మనసులో పెట్టుకుని చేయండి. పూర్తయ్యాక ఆ మనిషికి పంపేయండి.

నా గురించి రెండు ముక్కలు. కోనసీమలో ఒక హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా నాన్నగారు బుక్ బైండింగు చేసేవారు కాబట్టి జిగురు, అట్టలు, కత్తిరింపు ముక్కల మధ్యే పెరిగాను. ఇప్పుడు మా ఇంటి వరండాలో వారానికో మధ్యాహ్నం కొంతమంది ఆడవాళ్ళం కూర్చుని కాగితం పని చేసుకుంటాం. నేను సైకాలజిస్టుని కాదు. ఇక్కడ చెప్పేది చాలావరకు ఆ వరండాలో చూసిందే.

ముందు సంతోషం సంగతి. "చేస్తున్నంతసేపే బాగుంటుంది" అని మీరు ఫిర్యాదులా రాశారు. అది ఫిర్యాదు ఎందుకవ్వాలి? ధనుర్మాసంలో చీకటితో లేచి వాకిలి నిండా ముగ్గు పెడతాం. మధ్యాహ్నానికల్లా సైకిళ్ళూ మోటారు సైకిళ్ళూ తొక్కేస్తాయి. నిన్నటి ముగ్గు ఏమైపోయిందని ఎవరైనా బెంగపెట్టుకుంటారా? మర్నాడు ఇంకో ముగ్గు పెడతాం. కాగితం పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ఫ్రేము కట్టేంత గొప్పగా ఉండాలి, పదిమందీ మెచ్చుకోవాలి అనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఈ తేడా పనిలో లేదు, సెల్‌ఫోనులో ఉంది. వీడియోలో ఎప్పుడూ పూర్తయిన వస్తువే ముందు చూపిస్తారు, మన కళ్ళు దాని మీదే ఉంటాయి.

చేయడం వల్ల మనసు తేలికపడటం మీ ఊహ కాదు. అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. 39 మంది పెద్దవాళ్ళకి కొల్లాజ్ సామాను, బంకమట్టి, మార్కర్లు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోను కొలిచారు. దాదాపు 75 శాతం మందిలో అది తగ్గింది. అంతకుముందు బొమ్మలు వేసే అలవాటు ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ పెద్ద తేడా కనపడలేదు. చిన్న పరిశోధనే. ఏ పనీ చేయని ఇంకో గుంపుతో పోల్చి చూడలేదు కూడా, కాబట్టి దీన్ని పట్టుకుని బీపీ మాత్రలు మానేయకండి. కానీ "నాకు ఆర్టు రాదు కదా, నాకెందుకు" అనేవాళ్ళకి ఇది మంచి జవాబు.

మా దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు కత్తెర ఇవ్వను. న్యూస్‌పేపరు ఇచ్చి చింపమంటాను. చదువుకున్న ఆడవాళ్ళకి కాగితం చింపాలంటే ఎంత భయమో చూస్తే నవ్వొస్తుంది, చిన్నప్పుడు పుస్తకం చింపితే పడ్డ దెబ్బలు గుర్తొస్తాయేమో. నిలువుగా చింపితే గీత గీసినట్టు వస్తుంది, అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది. మిషను మీద కాగితం తయారయ్యేటప్పుడు అందులోని పీచు ఎక్కువగా ఒక దిక్కుకే పడుతుంది, దాని వల్లే ఈ తేడా. ఈ ఒక్క విషయం చేతికి తెలిస్తే మీ సగం సమస్యలు పోతాయి. జిగురు రాసినప్పుడు కాగితం ఆ పీచుకి అడ్డంగా ఉబ్బుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. అట్ట పీచు ఒక దిక్కు, పైన కాగితం పీచు ఇంకో దిక్కు ఉంటే ఆరాక వంకర తిరుగుతుంది. మీరు పెట్టిన ఫొటోల్లో రెండో దాని మూలలు లేవడానికి కారణం ఇదే అయివుంటుంది, జిగురు కాదు. రెండు పీచులూ ఒకే దిక్కుకి పెట్టండి, అట్ట వెనక కూడా ఒక మామూలు కాగితం అంటించండి, లాగుడు రెండు వైపులా సమానమవుతుంది.

ఇక కాగితాలు. నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే, ఓపిక పట్టండి.

మీ ఇంట్లో అలమర పైన, బీరువా అడుగున, దేవుడి గదిలో ఏమేం ఉన్నాయో ఒకసారి దింపి చూడండి. పాత పంచాంగాలు. రోజుకో కాగితం చింపే క్యాలెండర్లు. శుభలేఖలు, అందులోనూ పసుపు మరకలు ఆరిపోయినవి. పెళ్ళికి వంటవాళ్ళు రాసిచ్చిన సామాన్ల చీటీ. ఇన్లాండ్ లెటర్లు, మనియార్డరు కూపన్లు. చిట్టీ పాటల పుస్తకం. పిల్లల రఫ్ నోట్సులు, వాటిలో టీచరు పెట్టిన ఎర్ర టిక్కులు. ట్రాన్స్‌పోర్టు రసీదులు. మిల్లులో ధాన్యం తూకం చీటీలు. మందుల షాపు కవర్లు. వీటిలో ఒక్కటి కూడా ఏ క్రాఫ్ట్ షాపులోనూ దొరకదు.

కొల్లాజ్ అనే పద్ధతి ఆర్టిస్టుల చేతికి వచ్చింది కూడా ఇలాంటి కాగితం వల్లే. 1912లో బ్రాక్ అనే ఫ్రెంచి చిత్రకారుడు అవిన్యాన్ ఊళ్ళో ఒక షాపులో చెక్క గీతలు అచ్చేసిన వాల్‌పేపరు చూసి కొని, ముక్కలు కోసి తన బొమ్మలో అంటించాడు. పికాసో న్యూస్‌పేపరు ముక్కలు అంటించాడు. అవేవీ బొమ్మల కోసం తయారైన కాగితాలు కావు. మన దగ్గరైతే దీనికి అంత దూరం పోనక్కర్లేదు. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోటకి వచ్చే ప్రభలు చూసే ఉంటారు. వెదురు కట్టి, రంగు గుడ్డలు, రంగు కాగితాలు, ఊలు, గంటలు, పూలు కలిపి చేసేదాన్ని మిక్స్‌డ్ మీడియా అనకపోతే ఇంకేమంటాం? 2023 రిపబ్లిక్ డే పరేడులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ దాకా వెళ్ళింది ఆ ప్రభల తీర్థమే. కాబట్టి ఇది ఫోనులోంచి ఊడిపడ్డ సరదా అని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాట చెప్పండి.

మా వరండాలో జరిగినవి కొన్ని చెబుతాను.

ఒకావిడ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి చాలా ఏళ్ళు ఉండి వచ్చారు. పిల్లల చిన్నతనమంతా ఆవిడ అక్కడే ఉన్నారు. వాళ్ళు రాసిన ఉత్తరాలు, ఎర్ర నీలం చారల అంచున్న ఎయిర్‌మెయిల్ కవర్లు, సూట్‌కేసులో దాచుకున్నారు. ఉత్తరాలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కవర్ల అంచులు మాత్రం సన్నగా కత్తిరించి ఒక చార్టు మీద నాలుగు వైపులా వరసలు వరసలుగా అంటించారు. చీరకి పెద్ద అంచు నేసినట్టు వచ్చింది. మధ్య భాగం ఖాళీగా వదిలేశారు. పక్కన కూర్చున్నావిడ "ఇక్కడ ఏదైనా పువ్వు వెయ్యి" అంటే, "అక్కడేమీ లేదు కదండీ, ఏం వేస్తాను" అన్నారు. ఆ బొమ్మకి నేను నేర్పిందేమీ లేదు.

ఇంకొకావిడ నాన్నగారు కాలువల మీద లస్కరు. తలుపులు ఎత్తడం, దించడం, రాత్రిళ్ళు గట్టు మీద తిరగడం ఆయన ఉద్యోగం. ఆయన పోయాక ఒక సంచీ నిండా నీటి తీరువా రసీదులు, చేతిరాత లెక్కలు దొరికాయి. వాటిని జిరాక్సు తీయించి సన్నటి పట్టీలుగా కోసి, ధవళేశ్వరం నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి కాలువలు చీలినట్టు అంటించారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన బతుకంతా ఆ పట్టీల మీదే కదా నడుస్తోంది. చిన్న కాలువల దగ్గర నీలం దారం కుట్టారు. అప్పటిదాకా "ఆ చిత్తు కాగితాలెందుకు" అన్న అన్నదమ్ములిద్దరూ ఒకరోజు వచ్చి చూసి, ఫలానా బోదె (పిల్ల కాలువ) ఇటు కాదు అటు తిరుగుతుందని గంటసేపు వాదించుకున్నారు. ఆ మాటల్లో నాన్నగారి కబుర్లు ఎన్ని వచ్చాయో. మీరడిగిన అర్థం నాకు ఎక్కువసార్లు కనపడింది ఇలాంటి చోట్లే. కాగితం మీద ఉన్నదాని కన్నా దాన్ని చూసి నోరు విప్పిన మనుషుల దగ్గర.

మూడోది వరద సంగతి. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు లంక గ్రామాల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఒక కుటుంబం పెళ్ళి ఆల్బం ఒండ్రులో తడిసి ముద్దయింది. (ఇలాంటిది ఎవరికైనా అవసరపడొచ్చు కాబట్టి చెబుతున్నాను: అతుక్కున్న ఫొటోలని పొడిగా లాగి విడదీయకండి. శుభ్రమైన చల్లటి నీళ్ళలో పెట్టి, మెల్లగా విడిపోనిచ్చి, బొమ్మ పైకి ఉండేట్టు నీడలో ఆరబెట్టండి. అప్పటికప్పుడు చేసే తీరిక లేకపోతే ప్లాస్టిక్ కవర్లో పెట్టి డీప్ ఫ్రీజులో ఉంచితే బూజు పట్టకుండా కొన్నాళ్ళు ఆగుతాయి.) కొన్ని బాగయ్యాయి, కొన్ని కాలేదు. సగం చెరిగిన ఫొటోల మీద అడ్డంగా మట్టి గీత ఉండిపోయింది. ఆ ఇంటి కోడలు ఆ గీతని దాచలేదు. అన్ని ఫొటోలనీ ఆ గీత ఒకే మట్టంలో ఉండేట్టు పక్కపక్కన పేర్చి అంటించింది. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో ఇప్పుడు ఎవరు అడిగినా దాన్నే చూపిస్తారు.

ఒరిజినల్ కాగితాలు కోయకండి. పాసుపుస్తకం, దస్తావేజులు, సర్టిఫికెట్లు సరేసరి. ఉత్తరాలు, చేతిరాతలు కూడా ముందు కాపీ తీయించుకోండి. జిరాక్సు షాపులో లేజరు మిషను మీద తీసిన కాపీయే వాడండి. దాని నలుపు పొడి వేడికి కాగితానికి అంటుకుపోతుంది, జిగురు తగిలినా చెదరదు. ఇంట్లో ఇంకుజెట్ ప్రింటరు మీద తీసినది తడి తగలగానే చాలాసార్లు కారిపోతుంది. పైగా పాత న్యూస్‌పేపర్ల లాంటి చవక కాగితంలో చెక్క గుజ్జులోని లిగ్నిన్ మిగిలే ఉంటుంది, వెలుతురుకీ గాలికీ అది పచ్చబడి పెళుసెక్కుతుంది. మంచి కాగితం మీద కాపీ తీస్తే ఆ గొడవ ఉండదు.

ఇంకో జాగ్రత్త మనసు గురించి. ఈమధ్యే పోయినవాళ్ళ చేతిరాత జోలికి అప్పుడే వెళ్ళకండి. సంవత్సరీకాలు అయ్యేదాకా ఆగమని నేను అందరికీ చెబుతాను. తొందరపడి మొదలుపెట్టిన ఒకరిద్దరు మధ్యలో ఆపేసి మళ్ళీ కత్తెర పట్టుకోలేదు. అలాగే, మీరు చెప్పిన వెలితి కాగితం పని దగ్గరే కాకుండా నిద్ర, తిండి దాకా వస్తే, ఏ పనీ చేయబుద్ధి కాకుండా వారాలు గడుస్తుంటే, అది డాక్టరుకి చెప్పాల్సిన సంగతి. కొల్లాజ్ దానికి మందు కాదు.

మన వాతావరణానికి తగ్గ మాటలు కొన్ని. వీడియోలు చేసేవాళ్ళు ఎక్కువమంది పొడి గాలి ఉన్న ఊళ్ళలో కూర్చుని చేస్తారు. మన దగ్గర జులై నుంచి నవంబరు దాకా కాగితం ముట్టుకుంటే చెమ్మగా ఉంటుంది.

మైదా జిగురు చవక, చేతికి హాయి. ఒక వంతు మైదాకి అయిదు వంతుల నీళ్ళు, ఉండ కట్టకుండా కలిపి, సన్న సెగ మీద తెలుపు పోయి మెరుపు వచ్చేదాకా తిప్పాలి. కానీ చెమ్మలో దానికి బూజు పడుతుంది, పురుగూ చేరుతుంది. బైండింగు వాళ్ళు అందులో మైలుతుత్తం కలిపేవాళ్ళు. అది విషం, పిల్లలు తిరిగే ఇంట్లో వద్దు. వానాకాలంలో ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు కలిపి వాడుకోండి, మైదా జిగురు ఎండాకాలానికి ఉంచుకోండి. ఏ జిగురైనా పల్చగా, అంచుల దాకా రాసి, పైన పాల కవరు పరిచి బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. తొందరపడి ఎండలో పెడితే అప్పడమే.

గ్లేజు కాగితం, క్రేపు కాగితం రంగు తడికి కారుతుంది, ఎండకి వెలుస్తుంది. కారడం కొందరికి చిరాకు, నాకు ఇష్టం. తడిపిన డ్రాయింగు షీటు మీద క్రేపు ముక్కలు పరిచి, కాసేపాగి తీసేస్తే కింద రంగు దిగుతుంది, సాయంత్రం గోదారి మీద ఆకాశానికి అంతకన్నా మంచి రంగు నేను కుంచెతో తేలేను. కాకపోతే అది నిలవదని తెలిసే చేయాలి.

వరస కూడా ముఖ్యం. ముందు కాగితాలు అంటించడం, అవి పూర్తిగా ఆరాక యాక్రిలిక్ రంగు, ఆ పైన దారం, లేసు, ఈనెలు, అరటి నార లాంటివి, అన్నిటికన్నా చివర ఆయిల్ పాస్టెల్. నూనె మీద యాక్రిలిక్ పట్టదు, పెచ్చులుగా లేచిపోతుంది. కొబ్బరి ఈనెలూ అరటి నారా పచ్చివి వాడకండి, పూర్తిగా ఎండాకే. ఫ్రేము కడితే అద్దం కాగితానికి ఆనకుండా మధ్యలో మౌంటు అట్ట పెట్టమనండి. వాన కొట్టే వైపు గోడకి తగిలించకండి, తప్పకపోతే ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న చెక్క ముక్కలు అంటిస్తే గోడకీ దానికీ మధ్య గాలి ఆడుతుంది. దాచేవాటి మధ్య ఎండిన వేపాకు, వస కొమ్ము పెట్టడం తాటాకు గ్రంథాల కాలం నుంచీ ఉన్న అలవాటు. నేనూ పెడతాను, కానీ దాని మీదే నమ్మకం పెట్టుకోకుండా ఏడాదికోసారి అన్నీ దింపి దులుపుతాను.

వయసు గురించి. మీరు "ఇప్పుడు మొదలుపెట్టి ఏం సాధిస్తాను" అని ఒక వాక్యం రాసి వదిలేశారు. ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ 1770ల మొదట్లో, భర్త పోయాక, 72 ఏళ్ళ వయసులో రంగు కాగితాలు కత్తిరించి పువ్వులు చేయడం మొదలుపెట్టింది. నల్లటి కాగితం మీద రెక్క రెక్కా అంటించేది, అక్కడక్కడ నిజం ఆకు కూడా కలిపేది. చూపు మందగించేదాకా చేసినవి 985, ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. శాంతినికేతన్‌లో బినోద్ బిహారీ ముఖర్జీ కథ ఇంకా గట్టిది. గోడల నిండా బొమ్మలు వేసిన మనిషికి యాభై దాటాక కంటి ఆపరేషను తర్వాత చూపు పూర్తిగా పోయింది. అప్పుడాయన కాగితాలు కత్తిరించి, వేళ్ళతో తడుముకుంటూ పేర్చి కొల్లాజ్‌లు చేశారు. వీళ్ళలా మీరూ మ్యూజియంకి ఎక్కాలని కాదు. పూర్తయిన వస్తువుని చూసుకుని మురిసిపోయే వీలే లేని మనిషి కూడా ఈ పని వదల్లేదు, అది చెప్పడానికే.

"చెత్త" అనే మాట గురించి. మీ ఆయన మాటలో నాకు కొంత న్యాయం కనపడుతోంది, ఏమీ అనుకోకండి. కాగితాలు పోగేయడం వేరు, కాగితం పని చేయడం వేరు. పోగేయడంలో కూడా ఒక సరదా ఉంటుంది, అది పనిని తినేస్తుంది. మా దగ్గర ఒకటే రూలు: మనిషికి ఒక ట్రంకు పెట్టె. అది నిండితే ఏదో ఒకటి తీసి పారేశాకే కొత్తది పెట్టాలి. ఈ రూలు పెట్టుకున్నాక ఇళ్ళలో గొడవలు చాలా తగ్గాయి. ఇంకో చిట్కా, ఆయన ఉద్యోగం కాగితాలు ఏవైనా ఉంటే, ఆయన్ని అడిగి, ఆయన ఇచ్చినవాటితో ఒకటి చేసి చూడండి. ఏది ఇవ్వాలో వెతకడానికి కూర్చున్న మగవాళ్ళు అంత తొందరగా లేవరు, నేను చూశాను.

అమ్మకం సంగతి మీరు అడగలేదు గానీ తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు: "ఇన్ని చేస్తున్నావు, అమ్మొచ్చు కదా?" డబ్బు అవసరమైతే అమ్మండి, అందులో తక్కువేమీ లేదు. కానీ అది ఇంకో పని అని తెలుసుకుని దిగండి. నరసాపురం చుట్టుపక్కల ఇళ్ళలో లేసు అల్లేవాళ్ళ పక్కన కూర్చుని చూడండి. ఆ పనితనానికి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానికే చెందిన సరుకని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. కానీ అల్లినదాన్నిబట్టే కూలి, డిజైను ఆర్డరు ఇచ్చినవాళ్ళది. అల్లికలో మీకు హాయి ఉందా అంటే వాళ్ళు మీ వంక వింతగా చూస్తారు. వాళ్ళ పని చిన్నదని కాదు, లెక్కకి చేసే పనిలో చెయ్యి గడియారం వైపు చూస్తుంది. మీకు ఆ అవసరం లేనప్పుడు ఆ గడియారాన్ని ఇంట్లోకి తెచ్చుకోవడం ఎందుకు?

అందుకే పోస్టుకార్డు సైజు అన్నాను. 14 సెంటీమీటర్లు అడ్డం, 9 నిలువు. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది, అలమరలో చోటు అడగదు, కవర్లో పెట్టి పంపేయొచ్చు. మీ అమ్మాయికి చిన్నప్పటి రఫ్ నోట్సు ముక్కతో ఒకటి. మీ తోడికోడలికి వాళ్ళ పెళ్ళి సామాన్ల చీటీతో ఒకటి. "పూర్తయ్యాక రెండు రోజులు చూసుకుంటాను, తర్వాత వెలితి" అన్నారే, మూడో రోజుకి అది ఇంట్లోనే ఉండకపోతే సరి. అవతలివాళ్ళు వాట్సాప్‌లో ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు కొందరు, అదీ జరుగుతుంది. ఒకరు మాత్రం ఫోను చేస్తారు.

ఇక కోర్సు. ఇప్పుడే చేరకండి. ఆ డబ్బు పెట్టి ఒక మంచి కత్తెర, ఒక కట్టరు, స్టీలు స్కేలు, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటి) కాగితం కొద్దిగా కొనుక్కున్నా చాలా మిగులుతుంది. ఒకరోజు రాజమండ్రి వెళ్ళి దామెర్ల రామారావు గ్యాలరీ చూసి రండి. 28 ఏళ్ళు నిండకుండానే పోయిన మనిషి, కొల్లాజ్‌లు కాదు, రంగుల బొమ్మలే, కానీ మన మనుషుల్ని మన ఒడ్డున కూర్చుని ఎలా చూశాడో ఎదురుగా నిలబడి చూస్తే కోర్సు కన్నా ఎక్కువే వస్తుంది. ఆరు నెలల తర్వాత కూడా చేరాలనిపిస్తే, డబ్బు కట్టేముందు వాళ్ళని ఒక్కటే అడగండి: నేను చేసినదాన్ని మీరు చూసి మాట్లాడతారా, లేక వీడియోలే పంపుతారా? వీడియోలే అయితే అవి మీకు ఇప్పటికే ఊరికే వస్తున్నాయి.

అలమర దింపాక ఏం దొరికాయో ఇక్కడ రాయండి. ఏది కోయొచ్చు, ఏది జిరాక్సు తీయాలి అన్నది ఫొటో చూస్తే చెప్పగలను.